ఇంటి మాట

మంచి చేయడానికి వెళ్ళినవాళ్ళకి, ఆ మంచిని ఏ భాషలో చేయాలో తామే నిర్ణయించే హక్కు ఉంటుందా? ఈ ప్రశ్న నాకు మఠంలో చదివిన పుస్తకాల్లో ఎదురుకాలేదు. టాంజానియాలో, దొదోమా పట్టణానికి దూరంగా ఉన్న ఒక పల్లెలో, మంచం పట్టిన ముసలమ్మ దగ్గర ఎదురైంది.

2009లో మా మఠం నన్ను అక్కడికి పంపేనాటికి నాకు ఇరవై ఆరేళ్ళు. నర్సు పని నేర్చిన కన్యాస్త్రీని. తెల్లవారుజామున అయిదింటికి లేచి జపం, ఆ తర్వాత పూజ. ఏడింటికల్లా డిస్పెన్సరీ తలుపు తీయాలి. మలేరియా జ్వరాలు, పసిపిల్లల విరేచనాలు, నెలలు నిండిన తల్లులు. వానలు తక్కువ పడే మెట్ట ప్రాంతం అది. జొన్న, సజ్జ, వేరుశనగ పండిస్తారు. బట్టలుతికిన నీళ్ళు పారబోసేవాళ్ళం కాదు, కూరమొక్కలకి పోసేవాళ్ళం. సాయంత్రం మంచాన ఉన్న రోగుల ఇళ్ళకి వెళ్ళాలి. రాత్రికి ఆకుకూరతో ఉగాలి. మన సంకటి లాంటిదే.

మొదటి నెలలన్నీ స్వాహిలీ నేర్చుకోవడంతోనే గడిచాయి. ఆ భాషలో పెద్దవాళ్ళు కనిపిస్తే 'షికామో' అనాలి. కాళ్ళు పట్టుకుంటున్నానని దాని మూలార్థమని చెబుతారు. గుమ్మం ముందు నిలబడి 'హోది' అనాలి. లోపలివాళ్ళు 'కరిబు' అన్నాకే అడుగు పెట్టాలి. ఎదుటివాళ్ళకి కష్టం వస్తే, అందులో మన తప్పేమీ లేకపోయినా, 'పోలే' అనాలి. ఏడాది తిరిగేసరికి బాగా మాట్లాడుతున్నానని అందరూ మెచ్చుకున్నారు. నేనూ పొంగిపోయాను.

ఆ ముసలమ్మని ఊరంతా 'బీబీ' అనేది. అంటే అవ్వ. ఆమె కాలి పుండుకి కట్టు కట్టి, పక్కన కూర్చుని స్వాహిలీలో జపం చెప్పేదాన్ని. ఆమె కళ్ళు మూసుకుని కదలకుండా వినేది. అది భక్తి అనుకున్నాను. ఒకరోజు నన్ను సాగనంపుతూ మనవరాలు మెల్లగా అంది: "సిస్టర్, బీబీకి స్వాహిలీ సగమే అర్థమవుతుంది. మీరు వెళ్ళాక అదంతా మళ్ళీ మా గోగో భాషలో నా చేత చెప్పించుకుంటుంది."

ఈ సంగతి ఇంకెవరికి తెలియకపోయినా నాకు తెలిసి ఉండాల్సింది. మాది తిరువళ్ళూరు వైపు పల్లె. తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగువాళ్ళం. గుడిలో పూజ, బడిలో చదువు తమిళంలో. ఇంట్లో జపమాల తెలుగులో. మా అవ్వ పోయేరోజున స్వాములవారు వచ్చి తమిళంలో అవస్థాభ్యంగనం ఇచ్చారు. దయగల మనిషి, ఏ లోటూ చేయలేదు. ఆయన లేచాక అవ్వ మా అమ్మ చేయి పట్టుకుని, "ఇప్పుడు నువ్వు చెప్పు" అంది. అమ్మ తెలుగులో మంగళవార్త జపం చెప్పింది. పన్నెండేళ్ళ నేను అదంతా చూస్తూ నిలబడి ఉన్నాను.

నన్ను నేను సమర్థించుకోవడానికి కారణాలు లేకపోలేదు. 1961లో స్వతంత్రమైన ఆ దేశంలో నూటికి పైగా భాషలున్నాయి. అన్ని తెగల్నీ ఒక్కటి చేయడానికి జూలియస్ నైరేరే స్వాహిలీని ముందుకు తెచ్చారు. ఆ మేలు నేను కళ్ళారా చూశాను. తమిళం కూడా మాకు అక్షరాలు నేర్పింది, అన్నం పెట్టింది. పైగా ఒక్క మనిషి ఎన్ని భాషలు నేర్చుకోగలదు? ఇవన్నీ నిజాలే. అయితే ఇవన్నీ ఇచ్చేవాళ్ళ సౌకర్యం కోసం చెప్పే నిజాలు. ఊళ్ళో మిగతావాళ్ళకి స్వాహిలీ చాలు; బీబీకి చాలదు. తొంభై తొమ్మిది గొర్రెల్ని వదిలి తప్పిపోయిన ఒక్కదాని కోసం వెళ్ళిన కాపరి కథని పిల్లలకి నేనే చెప్పేదాన్ని.

లాటిన్‌లో సాగే పూజకి దేశభాషలు రావడానికి 1963లో రెండో వాటికన్ మహాసభ దారి తెరిచింది. దేశభాష అంటే ఎవరి భాష అన్నది మాత్రం ఏ ఊరికి ఆ ఊళ్ళో మళ్ళీ అడగవలసిందే.

ఆదివారం మధ్యాహ్నాలు ఆ మనవరాలి దగ్గర గోగోలో పరలోక జపం నేర్చుకున్నాను. మొదటిసారి చెప్పినప్పుడు బీబీ పడీపడీ నవ్వింది. ఆమె నవ్వగా చూడడం నాకదే మొదలు. ఒక్కో మాటా నా చేత మళ్ళీ పలికించింది. అంతవరకు కట్టు కట్టేది నేను, కట్టించుకునేది ఆమె. ఆమె దగ్గర నాకు ఇవ్వగలిగింది ఏదైనా ఉందేమోనని నేనెప్పుడూ అడగలేదు.

నాకు గోగో రాలేదు. ఒక జపం, కొన్ని పదాలు, అంతే. ఆమె పోయిననాడు ఆ జపం చెప్పాను. రెండు చోట్ల తడబడ్డాను. దిద్దడానికి ఆమె లేదు.

మన భాషకి చోటివ్వనివాళ్ళ మీద మనకి ఫిర్యాదులున్నాయి, సబబైనవే. కానీ మన దగ్గరికి వచ్చే కూలీ, రోగి, విద్యార్థి ఇంట్లో ఏ మాట మాట్లాడతారో మనలో ఎందరం అడుగుతాం? ఇప్పుడు నేను చెన్నై దగ్గర ఒక ఆసుపత్రిలో పని చేస్తున్నాను. భవనాల పనికి వచ్చిన ఉత్తరాది, ఒడిశా కూలీలు ఎందరో వస్తారు. పేరు రాసుకున్నాక, జ్వరం చూడకముందే, ఇంట్లో ఏ భాష అని అడుగుతాను. కొందరు జవాబు చెప్పడానికి సందేహిస్తారు. ఎందుకడుగుతున్నానా అని.