ఏడుచేపల కథలో వ్యంగ్యం: ఒక నైతిక ప్రశ్న

బాలసాహిత్యంలో వ్యంగ్యానికి చోటున్నదా అన్న ప్రశ్న వెనుక ఒక నైతిక సందేహం ఉంది. పైకి ఒకటి చెప్పి లోపల మరొకటి ఉద్దేశించడం, ఆ లోపలిదాన్ని అందుకోలేని శ్రోత పట్ల న్యాయమేనా? విధిరూపమైన వాక్యం నిషేధాన్ని ధ్వనింపజేయడాన్ని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో ఉదాహరించాడు. అయితే ఆ ధ్వని సహృదయునికే అందుతుంది. నాలుగేళ్ల పిల్లను సహృదయురాలిగా లెక్కించగలమా?

ఈ సందేహాన్ని పరీక్షించడానికి ఏడుచేపల కథ తగినది. రాజకుమారులు వేటకు వెళ్లి తెచ్చిన ఏడు చేపల్లో ఒకటి ఎండలేదు. కారణమడిగితే చేప గడ్డిని, గడ్డి ఆవును, ఆవు పాలేరును, పాలేరు అన్నం పెట్టని అవ్వను, అవ్వ ఏడ్చే పిల్లవాణ్ణి, పిల్లవాడు చీమను చూపిస్తారు. (పాఠాంతరాల్లో నడిమి పాత్రలు మారుతుంటాయి.) ఇందులో విపరీతార్థం గల వాక్యం ఒక్కటీ లేదు. విడిగా చూస్తే ప్రతి జవాబూ సహేతుకమే. వ్యంగ్యమంతా కూర్పులో ఉంది. చంపి ఎండవేసిన చేపనే, ఎందుకు ఎండలేదని సంజాయిషీ అడుగుతారు. అడిగేవారు మాత్రం ఎక్కడా జవాబు చెప్పరు. విచారణ రాజగృహంలో మొదలై మెట్టుమెట్టుగా దిగి చీమ దగ్గర ఆగుతుంది. కార్యాలయాల్లో దస్త్రాల నడక ఎరిగిన పెద్దలకు దీనిపై వ్యాఖ్యానం అక్కరలేదు.

కనుక ఇక్కడ పిల్లలు మోసపోవడం లేదు. వారు విన్న అర్థం తరువాత అబద్ధమని తేలదు. దానిమీదనే రెండవ అర్థం నిలుస్తుంది. తెనాలి రామకృష్ణుని కథల తీరు వేరు. అక్కడ వ్యంగ్యం గెలుపు సాధనం, పిల్లలు గెలిచినవాడి పక్షాన నిలుస్తారు. ఏడుచేపల కథలో గెలిచినవారే లేరు.

చీమ జవాబును నిర్భయమైన ఒప్పుకోలుగా చదవడం పరిపాటి. నేనూ చాలాకాలం అలాగే చదివాను. కాని చీమ సైతం కారణాన్ని మరొకరిపైనే పెడుతోంది: తన బంగారు పుట్టలో వేలు పెట్టినవాడు పిల్లవాడు. అంటే వరుస ఒక మెట్టు వెనక్కి తిరిగి, కథ వింటున్న వయసువాడి మీదికే వచ్చింది. రాజకుమారుల నుంచి దిగిన నేరం పసివాడి వేలికొనపై ఆగడమే ఈ కథలోని అత్యంత కఠినమైన వ్యంగ్యం. అయినా పిల్లలు ఆ చోట నొచ్చుకోరు, నవ్వుతారు. చెప్పేవారు చీమ గొంతుతో ఆ మాట అంటారు, పిల్లలూ గొంతు కలుపుతారు. నిందపడ్డ పిల్లవాడు కాక, ఎదురుప్రశ్న వేసిన చీమ వారిదవుతుంది. అచ్చులో ఆ గొంతు ఉండదు. దాని స్థానంలో నెపం ఇతరులపై నెట్టరాదన్న నీతివాక్యం చేరిస్తే, దోషిగా మిగిలేది పసివాడే. విచారణ జరిపినవారిని ఆ నీతి తాకదు. చేపను తిరగేసి మళ్లీ ఎండలో వేసే ప్రస్తావన కథలో ఎక్కడా లేదు. ఆ సంగతి అడగవలసింది వింటున్న పిల్లలే, అడిగేదాకా ఆగవలసింది చెప్పేవారు.