కటకటాల వెనుక కలం

“నేరం చేసి జైలుకెళ్ళినవాడికి చదువెందుకు? బయట పేదవాడి బిడ్డకే పుస్తకాలకు గతిలేదు కదా!” ఈ మాట పైకి న్యాయంగానే కనిపిస్తుంది. అమెరికాలో ఇలాంటి వాదనతోనే 1994లో ఖైదీల కాలేజీ చదువులకిచ్చే పెల్ గ్రాంటు ఆపేశారు. 2023 జూలైలో తిరిగి ప్రారంభించారు. ఈ మధ్యలో, 2013లో, ర్యాండ్ సంస్థ అనేక అధ్యయనాలను కలిపి పరిశీలించి, జైల్లో చదువుకున్నవారు మళ్ళీ జైలుపాలయ్యే అవకాశం 43 శాతం తక్కువని తేల్చింది.

అయితే విశ్వాసికి లాభనష్టాల లెక్క ఒక్కటే సరిపోదు. బద్ర్ యుద్ధంలో పట్టుబడి, విడుదల సొమ్ము చెల్లించలేకపోయిన అక్షరాస్యులకు దైవప్రవక్త (స) ఏ షరతు పెట్టారు? అన్సార్ల పిల్లలకు చదవడం, రాయడం నేర్పమన్నారు. నిన్న కత్తి దూసినవాడి ఎదుటే నేడు తమ పిల్లల్ని కూర్చోబెట్టారు. ఖైదీ అంటే అతని నేరం మాత్రమే కాదని దీని భావం.

మరి పెద్ద వయసులో, నాలుగు గోడల మధ్య చదువు ఎలా అబ్బుతుంది? మాల్కం ఎక్స్ జీవితం చూడండి. ఎనిమిదో తరగతితో బడి మానేసి, దొంగతనం కేసులో 1946లో జైలుకెళ్ళారు. ఉత్తరం సరిగా రాయలేక బాధపడి, నిఘంటువు తెరిచి మొదటి పేజీ నుంచి చేత్తో ఎత్తి రాసుకున్నారు. దీపాలార్పాక వరండా వెలుతురులో చదివారు. ఈ పట్టుదల ఆయనదే. కాని మంచి గ్రంథాలయమున్న నార్ఫోక్ జైలుకు 1948లో ఆయన్ను మార్పించేందుకు పాటుపడింది సవతి అక్క ఎల్లా. తోబుట్టువులు ఉత్తరాలు రాస్తూనే వచ్చారు. 1952లో విడుదలైన ఆయన, 1964లో హజ్ చేసి, జాతిభేదం లేని అసలు ఇస్లాంను కళ్ళారా చూశారు.

సంకల్పం ఖైదీది. పుస్తకం, గురువు, ఉత్తరం బయటివారి బాధ్యత.

మన ఇళ్ళలో ఏం జరుగుతోంది? కొడుకు జైలుకెళితే “ఊళ్ళో లేడు” అంటాం. ములాఖాత్‌కు వెళ్ళడానికి సిగ్గుపడతాం. నేరాన్ని వెనకేసుకు రాకూడదు, బాధితుడి హక్కు కాజేయకూడదు, నిజమే. కాని అల్లాహ్ తెరిచి ఉంచిన తౌబా తలుపును మూయడానికి మనమెవరం?

హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ఏ పాపం ఎరుగకుండానే చెరసాలలో ఉన్నారు. అక్కడా తోటి ఖైదీలకు ఏకదైవారాధన బోధించారు. విడుదలైన సహచరుడు రాజు దగ్గర ఆయన మాటెత్తడం మరచిపోయాడు. ఆయన మరికొన్నేళ్ళు లోపలే ఉండిపోయారు. బయటివారి మరపు లోపలివారికి ఏళ్ళ శిక్ష!

సోదర సోదరీమణులారా! మీ బంధువుల్లో అలాంటివారుంటే ఈ వారమే ఒక ఉత్తరం రాయండి, ఒక పుస్తకం పంపండి. మరచిపోయినవారి జాబితాలో మన పేరు లేకుండా అల్లాహ్ కాపాడుగాక! ఆమీన్.