మంచు లేకపోతే కారు తోశాడు!



"రోజూ గంటసేపు పూజ చేసుకోవాలనుంది గురువుగారూ. కానీ ఉండేది హాస్టల్ గదిలో, చేసేది నైట్ షిఫ్ట్. ఇక సాధన ఎక్కడ కుదురుతుంది?" మీలో చాలామంది మాట ఇదే. అందుకే ఇవాళ ఒక సైనికుడి గురించి చెప్తాను.

పేరు షాన్‌వేన్ స్టీఫెన్స్. పుట్టింది జమైకాలో, పెరిగింది ఇంగ్లండ్‌లో. 2020లో బ్రిటన్ రాయల్ ఎయిర్ ఫోర్స్ రెజిమెంట్‌లో లాన్స్ కార్పొరల్. ఆడింది జమైకా తరఫున, బాబ్‌స్లెడ్. మలుపులు తిరిగే మంచు దారిలో బండిని పరుగెత్తుతూ తోసి, అందులోకి దూకి, గంటకు 100 కిలోమీటర్లు దాటిన వేగంతో కిందికి జారే ఆట. అప్పట్లో బండి నడిపిన పైలట్ ఇతనే. మొదట్లో ఎంత గట్టిగా తోస్తే అంత. మధ్యలో దిగి మళ్ళీ తోద్దామంటే కుదరదు.

జమైకాలో మంచు పడదు. అయినా 1988లో కాల్గరీ ఒలింపిక్స్‌కి వెళ్ళారు. ఆ జట్టులోనూ సైనికులున్నారు: హెలికాప్టర్ పైలట్ డడ్లీ స్టోక్స్, సైనికాధికారి డెవన్ హారిస్. బండి బోల్తా పడింది. లేచి, దాని పక్కనే నడుస్తూ చివరిదాకా వెళ్ళారు.

ఇక 2020 లాక్‌డౌన్. జిమ్‌లు మూతపడ్డాయి. స్టీఫెన్స్ ఏం చేశాడో తెలుసా? తోటి ఆటగాడు నిమ్‌రాయ్ టర్గాట్‌తో కలిసి, కాబోయే భార్య మినీ కారుని పీటర్‌బరో వీధుల్లో తోశాడు! సైనికులతో వీడియో కాల్‌లో ఈ సంగతి విని ఎలిజబెత్ రాణి కూడా నవ్వేసింది.

మనం మాత్రం నవ్వి ఊరుకోకూడదు. గీత పన్నెండో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుడికి ఏం చెప్పాడు? అర్జునుడూ సైనికుడే కదా! మనసు నాలో నిలుపు అన్నాడు. కుదరకపోతే అభ్యాసం చెయ్యి. అదీ చేతకాకపోతే నా కోసం పనులు చెయ్యి. అదీ కాకపోతే ఫలం మీద ఆశ వదిలి పని చెయ్యి. చూశారా, మనం "కుదరదు" అన్న ప్రతిసారీ స్వామి మనకి అందేలా ఇంకో మెట్టు వేశాడు. "అయితే మానెయ్" అని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు.

మరి కారు తోసినందుకు పతకం వచ్చిందా? రాలేదు. 24 ఏళ్ళ తర్వాత జమైకా నలుగురి జట్టు 2022 బీజింగ్ ఒలింపిక్స్‌కి చేరింది. వచ్చింది 28వ స్థానం. చిట్టచివరిది. ఇది దాచి కథ చెప్తే నేను మీకు అబద్ధం చెప్పినట్టే. సాధన చేస్తే గెలుపు ఖాయం అని గీత ఎక్కడా హామీ ఇవ్వలేదు. తోయడం మన చేతిలో ఉంది, స్థానం మన చేతిలో లేదు.

ఒక్క జాగ్రత్త. కారు తోయడం మంచు లేనప్పుడే. మంచు దొరికాక అతను మంచు మీదికే వెళ్ళాడు. ఆదివారం ఖాళీగా ఉండి కూడా "నాకు మానసిక పూజ చాలు" అంటే అది సాధన కాదు, బద్ధకం!

ఈ రాత్రి షిఫ్ట్‌కి వెళ్తూ క్యాబ్‌లో ఫోన్ పక్కన పెట్టండి. కళ్ళు మూసుకుని పదకొండుసార్లు మీ ఇష్టదైవం పేరు తలుచుకోండి. ఇవాళ్టికి మీ కారు అదే. తోయండి.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.