ఇంటి సందులు

గాలిని, దుమ్మును ఇంటిలోనికి రానీయకుండుట గృహస్థుని విధియే. కాని యొక సందును మూయునపుడు దానివలన సుఖమెవరికి, కష్టమెవరికి అని విచారించుట కూడ ఆ విధిలో చేరునా యని మేమిచ్చట ప్రశ్నింపదలచితిమి. ఇది బేల్దారి పని, దీనిలో ధర్మవిచారమేమి యని కొందరు నవ్వవచ్చును. నవ్వుదురు గాక.

గుంతకల్లు ప్రాంతమున ఆషాఢమాసపు గాలి యెట్టిదో యెరుగనివారు లేరు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో కాలము గడపుకొను ఈ అనంతపురపు మెట్టసీమకు పడమటిగాలి మాత్రము కొరత లేదు. ఆ బలమును చూచియే రామగిరి ప్రాంతమున గాలిమరలు నిలిపిరి. మేఘములు తలమీదుగా సాగిపోవును, చినుకు పడదు, దుమ్ము మాత్రము అన్నములో పడును. అందుచేత మన పెద్దలు గాలికి వీపు త్రిప్పిన మిద్దెలు కట్టిరి. రాతిగోడలపై దూలములు, వానిపై దంతెలు, ఆపై కట్టెలు గాని బండలు గాని పరచి, మన్ను కప్పి, అన్నిటికిని పైన చవుడు పోయుదురు. చవుటిమన్ను తడిసినపుడు తన రంధ్రములను తానే పూడ్చుకొను గుణము కలది. కావుననే నీటిని దిగనీయదు. కిటికీలు తక్కువ. వంటయింటి నడినెత్తిన గవాచి యొకటి. వెలుగు దిగుటకును, పొగ యెక్కుటకును అదియే త్రోవ. గవాచి యనగా సంస్కృతమున గవాక్షము, ఆవు కన్ను. ఇంగ్లీషువారి విండో అను మాటకును పూర్వరూపమున గాలి కన్ను అనియే యర్థము. ఈ కంటినే మనవారు మూయుచున్నారు.

దుమ్మని కొందరు, వాన యని కొందరు, దొంగలని కొందరు గవాచిపై గాజుపలక బిగించి చుట్టును సిమెంటు పూయించుచున్నారు. వెలుగు వచ్చును, దుమ్ము రాదు, ఇల్లు బాగుపడినదని పడసాలలో కూర్చున్నవారు సంతోషింతురు. లోపల పొగకు దారి లేదు.

ఇంగ్లండులోని పాతయిండ్ల సంగతి యిచ్చట పోల్చదగియున్నది. అచ్చట పెక్కుయిండ్లలో నేల భూమిని తాకదు. కొంత యెత్తున దూలములు వేసి వానిపై పలకలు పరచుదురు. ఆ క్రింది ఖాళీలో గాలి యాడుటకై గోడయడుగున చిల్లుల యిటుకలుంచుదురు. పలకల సందులగుండ చలిగాలి వచ్చి పాదములను కొరుకును గనుక గృహస్థులు ఆ సందులను పూడ్తురు; దూలముల నడుమ ఉన్నివంటి పదార్థమును నింపుదురు. ఇది మంచిపనియే. కాని తొందరపాటువాడు గోడలోని చిల్లులను గూడ మూసివేయును. చలి తగ్గినట్లే తోచును. క్రింద తేమ నిలిచి, దూలములకు బూజుపట్టి, కొన్నియేండ్లకు నేల క్రుంగును.

పని రెండుచోట్లను ఒక్కటియే, ఫలము వేరు. అచ్చట మూసినవాని కాలిక్రిందనే నేల మెత్తబడును గనుక వాడే తెలిసికొనును. ఇచ్చట మూయించినవాడు పడసాలలో నుండును, దగ్గునది వంటయింటిలోని యామె. ఆమె దగ్గు వానికి పాఠము కానేరదు. గృహములలోని పొగవలన 2020లో ప్రపంచమున సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కించినది. అందు 2 లక్షల 37 వేలకు పైగా అయిదేండ్లలోపు పిల్లలు. తల్లి చంకనుండి పొగను పీల్చినవారు వీరిలో నెందరో!

1999లో దీపము పథకము, 2016లో ఉజ్జ్వల వచ్చినవి గదా, ఇంకను పొగ యెక్కడిది యందురేమో. గ్యాసుపొయ్యి వచ్చిన మాట నిజమే. మేలు జరిగినదనుటలో సందేహము లేదు. అయినను సిలిండరు ఖర్చునకు వెరచి స్నానమునకు నీళ్లు కాచుట, రొట్టె కాల్చుట కట్టెలమీదనే కానిచ్చు ఇండ్లు మనయెదుటనే యున్నవి. మిరపకాయలు వేయించునప్పటి ఘాటునకు ఏ పొయ్యియైన నొక్కటియే.

ఇంతకంటె బలమైన ఆక్షేపణ మరియొకటి కలదు. దుమ్ము నూడ్చునదియు నామెయే గదా! గవాచిని మూయుమని ఆమెయే కోరిన యిండ్లును లేకపోలేదు. కావున తెరచియుంచుడని మేము శాసింపము. పొగయు దుమ్మును రెండును ఆమె పాలబడినవి గనుక, ఏది యెంతవరకు సహింపదగునో నిర్ణయించు అధికారము ఆమెదే యనుచున్నాము. ఇంటి మరమ్మతు మగవారి మాటయనెడి ఆచారమునకు శాస్త్రప్రమాణము మాకెచ్చటను కానరాలేదు.

రెండు కష్టములును తీరు నుపాయము లేకపోలేదు. గవాచి చుట్టును మూరెడెత్తు గోడ లేపి, పైన బండ కప్పి, గాలివచ్చు పడమర, దక్షిణపు ప్రక్కలు మూసి, తూర్పున తెరపి యుంచవలెను. గాలి గోడను దాటిపోవుచు తూర్పుప్రక్కనుండి పొగను లాగుకొనిపోవును. దుమ్ము చాలవరకు వెలుపలనే నిలుచును. బేల్దారి మిద్దె దిగకమునుపే ఆమెచేత పొయ్యి వెలిగింపించి, పొగ యెటు పోవుచున్నదో ఆమెనే యడిగి, పిదప కూలి చెల్లించుట మేలు.