నాన్న ఎందుకు పోయాడు: బిడ్డకు చెప్పవలసిన జవాబు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ప్రాణాలు తీస్తోంది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడితోటల్లో కష్టపడే కుటుంబాలకే ఆ దెబ్బ ఎక్కువ. తండ్రిని పోగొట్టుకున్న పిల్లలు "నాన్న ఎందుకు పోయాడు?" అని అడిగినప్పుడు ఏం చెప్పాలన్నది పెంచే పెద్దలకు ధర్మసంకటం.

చాలామంది నోట వచ్చే జవాబు కర్మ. "ఏ జన్మలో ఏం చేసుకున్నాడో" అనుకోవడం పెద్దలకు ఊరట కావచ్చు. పిల్లవాడికి మాత్రం నాన్న ఏదో తప్పు చేశాడన్నట్టు వినిపిస్తుంది. ఐదారేళ్ళ పిల్లలు తాము అల్లరి చేసినందుకే ఇలా జరిగిందని లోలోపల కుమిలిపోవడమూ ఉంది. నిజానికి కష్టాలన్నిటికీ పూర్వకర్మే మూలమన్న వాదాన్ని బుద్ధుడే ఒప్పుకోలేదు. సంయుత్త నికాయంలోని మోళియసీవక సుత్తంలో ఆయన బాధకు ఎనిమిది కారణాలు చెప్పాడు. వాత పిత్త కఫాలు, రుతువుల మార్పు వంటివన్నీ అయ్యాక, కర్మఫలం వాటిలో ఒకటి మాత్రమే. ఉద్దానం జబ్బుకు కారణమేమిటో వైద్యులు ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రితో పాటు కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. కాబట్టి నిజమైన జవాబు చిన్నదే: "నాన్న కిడ్నీలు పాడయ్యాయి. ఎందుకో డాక్టర్లు వెతుకుతున్నారు. ఇందులో నీ తప్పేమీ లేదు, నాన్న తప్పూ లేదు."

రెండో జవాబు దాపరికం. "ఊరెళ్ళాడు", "నిద్రపోతున్నాడు" అంటే పసివాడు నమ్ముతాడు. పోయినవాళ్ళు తిరిగి రారన్న సంగతి ఐదేళ్ళలోపు పిల్లలకు సరిగా అందదు. అందుకే గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తాడు, లేదా తాను నిద్రపోవడానికే భయపడతాడు. కఠోపనిషత్తులో నచికేతుడు బాలుడే. చావు తర్వాత ఏముందని అడిగితే యముడు ఏనుగులు, గుర్రాలు, బంగారం ఇస్తానని మాట తప్పించబోయాడు. బాలుడు పట్టు వదల్లేదు, యముడు చెప్పక తప్పలేదు. అడిగిన బిడ్డకు చాక్లెట్టో ఫోనో ఇచ్చి మరపించడం యముడి మొదటి ఎత్తే. పరలోకం గురించి ఇంటివాళ్ళు నమ్మేది చెప్పవచ్చు. నాన్న తిరిగి రాడన్నది ముందు చెప్పాలి.

కర్మకాండలో పిల్లలను కలుపుకోవడం మంచిదే, బలవంతం పనికిరాదు. నిప్పుకుండ మోసే కొడుకు పసివాడైతే మేనమామో బాబాయో చేయి ఆనించి నడిపిస్తారు. ఏం జరగబోతోందో ముందే చెబితే బెదురు తగ్గుతుంది. "ఇక ఇంటికి పెద్దవాడివి నువ్వే, ఏడవకు" అన్న మాట మాత్రం మానుకోవాలి. ఏడవడం వాడి హక్కు, ఇల్లు నడపడం పెద్దల పని.

పెద్దకర్మతో పిల్లల దుఃఖం తీరదు. కాసేపు ఆడుకుని మళ్ళీ అదే ప్రశ్న అడుగుతారు. ప్రతిసారీ అదే జవాబు ఓపిగ్గా చెప్పాలి. బడి, అన్నం, నిద్ర వేళలు ఎప్పటిలాగే సాగాలి. నెలలు గడిచినా తిండి, నిద్ర, చదువు గాడిన పడకపోతే డాక్టరుకు చూపించాలి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి ఉచితంగా సలహా తీసుకోవచ్చు.