వస్వసా విశ్వాస లోపమా?

మా ఖాలా ఆదోనిలో ఉంటుంది. కొన్నేళ్ళ క్రితం ఆమె అసర్ నమాజుకు వుజూ మొదలుపెడితే ముగిసేసరికి మగ్రిబ్ అజాన్ వినబడేది. మోచేతుల వరకు కడిగేది, తడి తగలని చోటు ఎక్కడైనా మిగిలిందేమోనని మళ్ళీ కడిగేది. కాళ్ళ దగ్గరికొచ్చేసరికి ముఖం సరిగ్గా కడిగానా లేదా అన్న అనుమానం. ఇక మళ్ళీ మొదటినుంచీ. తుంగభద్ర దిగువ కాలువ నీళ్ళను నమ్ముకున్న ఊరది. వేసవిలో కొళాయి రెండు మూడు రోజులకొకసారి వస్తే, పట్టి పెట్టుకున్న తొట్టి సగం ఆమె వుజూకే అయిపోయేది. కొందరు "ఎంత దైవభీతి!" అన్నారు. కొందరు "షైతాన్ పట్టాడు" అన్నారు. తాయెత్తులు కట్టారు. రెండేళ్ళు గడిచాక ఆమె నీళ్ళ దగ్గరికి వెళ్ళడమే మానేసింది. నమాజు ఆగిపోయింది. మనవణ్ణి ఎత్తుకోవడం, పండుగనాడు షీర్ ఖుర్మా చేయడం, ఇరుగుపొరుగుతో మాట్లాడటం ఒక్కొక్కటిగా జారిపోయాయి. ఒకరోజు నాతో చిన్నగా అంది: "బేటా, నేను మునాఫిఖ్‌ని అయిపోయాను. నమాజు మీద నాకు మనసే లేదు."

అప్పుడు నేను జవాబు చెప్పలేకపోయాను.

వైద్యులు దీన్ని అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అంటారు, క్లుప్తంగా ఓసీడీ. వద్దన్నా తోసుకొచ్చే ఆలోచన ఒకటి, దాని భయం తీర్చుకోవడానికి పదేపదే చేసే పని మరొకటి. పని చేసినప్పుడు ఘడియసేపు ఊరట కలుగుతుంది. ఆ ఊరటే మరుసటి అనుమానానికి మేత. మనిషికి ఏది ప్రాణప్రదమో ఈ జబ్బు తరచుగా దాన్నే పట్టుకుంటుంది. పత్తి వ్యాపారిని గోదాము తాళం దగ్గర పట్టుకుంటుంది. ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాణ్ణి పోగుల లెక్క దగ్గర పట్టుకోవచ్చు. బాలింతను, నా చేతులతో నా బిడ్డకే హాని చేస్తానేమోనన్న ఊహతో వణికిస్తుంది. నమాజీని వుజూ దగ్గర, నియ్యత్ దగ్గర నిలబెడుతుంది. ఖాలాను నమాజు దగ్గర పట్టుకుందంటే, నమాజు ఆమెకు అంత ప్రియమైనదన్నమాట. ఇలా పోరాడి పోరాడి అలసిన మనసుకు కుంగుబాటు తోడవడం కూడా తరచుగా జరిగేదే. అప్పుడు దేనిమీదా ఆసక్తి ఉండదు.

మరి ఇది పాపమా? నోటితో చెప్పడానికే భయపడే ఆలోచనలు మా మనసుల్లోకి వస్తున్నాయని కొందరు సహాబీలు దైవప్రవక్త (స)తో మొరపెట్టుకున్నారు. ఆయన వారిని గద్దించలేదు. వారు అలా కలత చెందడమే స్పష్టమైన విశ్వాసమని సెలవిచ్చారు. ఇది సహీహ్ ముస్లింలో ఉంది. ఆలోచన రావడానికీ, దాన్ని మనిషి కోరుకోవడానికీ ఎంత దూరమో ఆ జవాబులోనే తెలుస్తుంది. మనసులో మెదిలినదాన్ని నోట పలకనంతవరకు, చేతల్లో పెట్టనంతవరకు అల్లాహ్ మన్నించాడన్న హదీసు కూడా మనకు తెలిసిందే.

వుజూ సంగతికొస్తే, దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారు. ధర్మవేత్తల లెక్కల్లో కొంత తేడా ఉన్నా, అది ముప్పావు లీటరు నుంచి సుమారు లీటరు. అవయవాలను మూడుసార్లు కడిగి చూపి, అంతకుమించినవాడు హద్దు దాటాడని హెచ్చరించారు. ఈ హదీసును రోగి మీద కొరడాలా ఝళిపించేవారిని చూశాను. అది తప్పు. మునిగిపోతున్నవాడికి అందించే తాడు అది. అనుమానం తీరాక ఆగమని చెప్పలేదు, మూడు కాగానే ఆగమన్నారు. అనుమానం ఇంకా లోపల అరుస్తూనే ఉంటుంది. దాన్ని అరవనిచ్చి చాప మీదికి నడవడమే అక్కడ విధేయత. (ఆ మూడింటి లెక్కే మళ్ళీ కొత్త అనుమానమయ్యే ప్రమాదమూ ఉంది. రెండా మూడా అని తేలకపోతే వెతుక్కోకుండా లేచిపోవాలి.)

ఇక ఖాలాను నిజంగా తొలిచేసింది మునాఫిఖ్ అన్న మాట. కపటులు నమాజుకు బద్ధకంగా నిలబడతారని దివ్యఖుర్ఆన్ అన్‌నిసా సూరాలో ఉంది. కుంగుబాటులో ఉన్న మనిషి ఈ ఆయతు వింటే అది తనకోసమే దిగిందనుకుంటాడు. కానీ అదే ఆయతులో వారు జనానికి చూపించుకోవడానికే నిలబడతారని కూడా ఉంది కదా! కపటి లోపల ఖాళీగా ఉండి, బయటికి భక్తి ప్రదర్శిస్తాడు. ఖాలా బయటికి ఏమీ చూపలేక, లోలోపల ఏడ్చేది. రుచి పోయిందని ఏడ్చేవాడికి ఆ రుచి విలువ తెలియకుండా పోతుందా? జ్వరం వచ్చినవాడికి అన్నం చేదవుతుంది. అంతమాత్రాన వాడు అన్నానికి శత్రువైపోడు. రుచి తెలియకుండానే నాలుగు ముద్దలు మింగినవాడి ఓర్పు, ఆకలితో తిన్నవాడికి తెలియదు.

మన పెద్దలకు ఇది తెలియని విషయం కాదు. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీరం, ఆత్మల ఆరోగ్యం గురించి రాసిన గ్రంథంలో వస్వసాకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించారు. కారణం తెలిసిన దుఃఖం వేరనీ, కారణమేమీ కనబడకుండా శరీరం నుంచి పుట్టే దుఃఖం వేరనీ ఆయన విడదీశారు. వస్వసా ఉన్నవాణ్ణి ఒంటరిగా వదలవద్దని కూడా చెప్పారు. ఆ గ్రంథంలోని ఆత్మకు సంబంధించిన భాగాన్ని సూడాన్ మనస్తత్వవేత్త మాలిక్ బద్రీ ఇంగ్లీషులోకి తేగా 2013లో వెలువడింది. ఇక ఇమామ్ గజాలీ (రహ్మలై) సంగతి. 1095లో బాగ్దాద్ నిజామియాలో పాఠం చెప్పబోతే ఆయనకు నోరు పెగల్లేదు, అన్నం గొంతు దిగలేదు. ఆ సంగతి ఆయనే దాచకుండా రాసుకున్నారు. అంతటి ఇమామును విశ్వాసం లేనివాడని ఎవరంటారు?

నమాజులో వస్వసా కలిగిస్తున్నాడని హజ్రత్ ఉస్మాన్ బిన్ అబిల్ ఆస్ (రజి) మొరపెట్టుకుంటే, షైతాన్ నుంచి అల్లాహ్ శరణు వేడమన్నారు దైవప్రవక్త (స). మరి డాక్టరెందుకని అడిగేవారుంటారు. చికిత్స చేయించుకోమని ఆదేశించింది కూడా ఆయనే. శరణు వేడటమూ చేయాలి, మాత్రా వేసుకోవాలి. ఈ మందులు మత్తుకోసం వాడేవి కావు. గుణం కనిపించడానికి వారాలు పడుతుంది, ఓసీడీకైతే రెండు మూడు నెలలు కూడా పట్టవచ్చు. పదిరోజులకే మానేసి "లాభం లేదు" అనేవారు ఎక్కువ. మందుతోపాటు, భయపెట్టే వస్తువును తాకి కడుక్కోకుండా ఉండటాన్ని కొద్దికొద్దిగా అలవాటు చేయించే పద్ధతి ఉంది. భయం ఎక్కుతుంది, కడగకపోయినా ఎక్కువమందిలో దానంతటదే దిగుతుంది.

ఇంటివాళ్ళకు ఒక మాట. "పాక్ అయిందా?" అని రోగి పదిసార్లు అడిగితే పదిసార్లు "అయింది" అని ఓదార్చడం ప్రేమగానే ఉంటుంది, కానీ అది జబ్బుకు పాలు పోయడమే. నీళ్ళు వృథా అని తిట్టడం మరో రకం మేత. "ఇది నీ జబ్బు అడుగుతోంది, నేను జవాబు చెప్పను, నీ పక్కనే కూర్చుంటాను" అనడం నేర్చుకోవాలి. మాకు ఇది నేర్చుకోవడానికి నెలలు పట్టింది. ఇక బతకాలని లేదన్న మాట నోట వస్తే మాత్రం దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు, ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. 2022 నుంచి టెలీ మానస్ పేరుతో 14416 నంబరు ఉచితంగా పనిచేస్తోంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఖాలాను కర్నూలు తీసుకెళ్ళాం. బస్సులో పోనూ రానూ ఒక రోజు పోతుంది, ఎవరో ఒకరి కూలి పోతుంది. నెల నెలా వెళ్ళాం. ఇప్పుడు ఆమె ఒక లోటా నీళ్ళే పక్కన పెట్టుకుని వుజూకు కూర్చుంటుంది. అయిపోయాక ఒకసారి మోచేతి వైపు చూసుకుంటుంది, చూసి, లేచి చాప మీదికి వెళుతుంది. మొన్న అడిగితే, రుచి ఇంకా పూర్తిగా తిరిగి రాలేదంది. మనవడు మాత్రం ఒళ్ళోనే ఉన్నాడు.