గొంతు నులిమే మాట

"యాంక్షస్‌గా ఉంది" అంటాం కదా, ఆ ఇంగ్లీషు మాట లాటిన్ ‘ఆంగెరే’ నుంచి వచ్చింది. అంటే గొంతు నులమడం, బిగించడం. ఇంటర్వ్యూ ముందు మనకి జరిగేది అచ్చం అదే! (ఆత్రంగా ఎదురుచూడడం అనే అర్థం కూడా దీనికి ఉంది లెండి.)

ఈ మాటకి ఋగ్వేదంలో ఒక చుట్టం ఉంది: అంహస్సు. తర్వాతి కాలంలో దానికి పాపం అనే అర్థమే స్థిరపడింది గానీ, వేదంలో అది ఇరుకు, ఊపిరాడని సంకటం. అందులోంచి బయటపడటానికి ఋషులు దేవతల్ని అడిగింది విశాలమైన చోటు. విష్ణువుకి అక్కడ ఉరుక్రముడని పేరు, అంటే పెద్దపెద్ద అడుగులు వేసేవాడు. తైత్తిరీయ శాంతిమంత్రంలో మీరు వినే ఉంటారు.

అర్ధరాత్రి గుండె బిగుసుకుపోతే నేను ఆ పేరే నెమ్మదిగా అనుకుంటాను. వారాల తరబడి నిద్ర పట్టకపోతే మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆ పేరు అక్కడికీ మీతో వస్తుంది.